పేదపిల్లల పంతులు పెస్టాలజీ



టీటీసీ, బీఈడీ చదివిన మనవాళ్లందరికీ పెస్టాలజీ పేరు తెలుసు. డీఎస్సీకి తయారయ్యేటప్పుడు ఆయన పేరును ఒక బిట్ ప్రశ్నగా బట్టీ పట్టి, పరీక్ష అయ్యాక మరిచిపోయిన వాళ్లే ఎక్కువ. కానీ ఆయన జీవితం మనలాంటి వాళ్లు తప్పక తెలుసుకోవలసిన జీవితం. ఎందుకంటే ఆయన తల్లీతండ్రీ లేని పిల్లలను, తిండికి లేని పిల్లలను ఒకచోట చేర్చి, వాళ్లతో కలిసి తిని, వాళ్ల పక్కనే పడుకుని చదువు చెప్పిన మనిషి. మనలో చాలామంది ఐదో తరగతిలోనో ఆరో తరగతిలోనో భిన్నాల దగ్గర ఆగిపోయి లెక్కలంటేనే భయం పెంచుకుంటాం. ఆ భిన్నాలను పేదపిల్లల కంటికి కనిపించేలా చేయడానికి ఒక పట్టిక తయారుచేసిందీ ఆయనే.

బాల్యం

యోహాన్ హైన్రిచ్ పెస్టాలజీ 1746 జనవరి 12న స్విట్జర్లాండులోని జూరిచ్ నగరంలో పుట్టారు. తండ్రి శస్త్రవైద్యుడు. పెస్టాలజీకి ఐదేళ్లున్నప్పుడు, 1751లో, తండ్రి చనిపోయారు. తల్లి సుసన్నాకు పిల్లలను పెంచే భారం ఒంటరిగా మీద పడింది. ఆ ఇంట్లో బాబెలి అనే పనిమనిషి ఉండేది. చనిపోబోయే యజమానికి ఇచ్చిన మాట కోసం ఆమె తన జీవితమంతా ఆ కుటుంబానికే ధారపోసింది. కూరగాయలు కొనడానికి పొద్దుపోయాక వెళ్లేది. అమ్మేవాళ్లు ఇంటికి పోయే తొందరలో ఉంటారు కాబట్టి నాలుగు కాసులు తగ్గుతాయని ఆమె ఆలోచన. బట్టలు, బూట్లు అరిగిపోతాయని పిల్లలను వీధిలోకి ఆడుకోవడానికి పంపేది కాదు. ఇంటి గౌరవం నిలబడుతూనే పైసా పైసా లెక్కపెట్టుకునే ఆ పేదరికం ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

తోటి పిల్లలతో ఆటలు లేక పెరిగినందువల్ల ఆయన బడిలో అమాయకంగా, తికమకగా ఉండేవారు. పిల్లలు ఆయనకు పిచ్చివాళ్ల ఊరివాడు అనే అర్థం వచ్చే మారుపేరు పెట్టి ఏడిపించేవారు. సెలవుల్లో మాత్రం తాతగారి ఊరు హోంగ్‌కు వెళ్లేవారు. తాతగారు అక్కడి చర్చిలో పాస్టరు. ఆయన పేదల ఇళ్లకు, ఊరి బడికి వెళ్లేటప్పుడు మనవడిని వెంట తీసుకెళ్లేవారు. పల్లెపిల్లలు చిన్నప్పుడు ఎంత చురుకుగా ఉంటారో, బడిలోనూ పనిలోనూ పడి నలిగాక ఆ చురుకు ఎలా ఆరిపోతుందో ఆ బాలుడు అక్కడే చూశాడు.

మొదటి ప్రయత్నం, మొదటి ఓటమి

చదువుకునే రోజుల్లో పెస్టాలజీ రూసో రచనలు చదివి ప్రభావితులయ్యారు. పట్నం ఉద్యోగాలు వద్దనుకుని వ్యవసాయం చేయాలని నిశ్చయించుకున్నారు. 1769లో అన్నా షుల్‌తెస్ అనే విద్యావంతురాలిని పెళ్లి చేసుకున్నారు. ఆమె ఆయనకంటే ఎనిమిదేళ్లు పెద్ద, కలిగిన వర్తకుల ఇంటి ఆడపడుచు. ఇద్దరూ బిర్ అనే ఊరి దగ్గర భూమి కొని దానికి నాయ్‌హోఫ్ అని పేరు పెట్టుకున్నారు. కొత్త పొలం అని ఆ మాటకు అర్థం. బట్టలకు ఎర్రరంగు అద్దడానికి పనికివచ్చే పైరు వేశారు. నేల మంచిది కాలేదు, అప్పు ఇచ్చినవాళ్లు వెనక్కి తగ్గారు. వ్యవసాయం దెబ్బతింది.

తానే అప్పుల్లో ఉన్న ఆ సమయంలో, 1774లో, ఆయన వీధుల్లో అడుక్కునే పిల్లలను ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. వాళ్లు పొలంలో పనిచేసేవారు, నూలు వడికేవారు, నేసేవారు, ఆ పని మధ్యలోనే చదవడం, లెక్కపెట్టడం నేర్చుకునేవారు. పిల్లల సంఖ్య ముప్పై దాటింది. పిల్లల పనితోనే వాళ్ల ఖర్చు గడుస్తుందని ఆయన వేసిన అంచనా తప్పింది. కొందరు తల్లిదండ్రులు పిల్లలకు కొత్త బట్టలు కుట్టించగానే వచ్చి తీసుకుపోయేవారు. 1780లో ఆ బడి మూతపడింది. భార్య ఆస్తి కూడా అందులోనే పోయింది. చుట్టుపక్కల వాళ్లు ఆయనను పనికిరానివాడిగా లెక్కకట్టారు.

ఆ తర్వాత దాదాపు 18 ఏళ్లు ఆయన చేతిలో బడి లేదు. కలం పట్టారు. 1781లో లియోనార్డ్, గెర్ట్రూడ్ అనే దంపతుల కథగా రాసిన నవల మొదటి భాగం వచ్చి ఆయనకు పేరు తెచ్చింది. అందులో గెర్ట్రూడ్ ఒక పేద తల్లి. నూలు వడికేటప్పుడు పోగులు లెక్కపెట్టిస్తూ, గది ఈ చివరి నుంచి ఆ చివరికి అడుగులు లెక్కపెట్టిస్తూ, కిటికీలోని గాజు పలకల వరుసలు చూపిస్తూ పిల్లలకు అంకెలు నేర్పుతుంది. పలక కొనలేని ఇంట్లో కూడా లెక్క ఉంటుందని ఆ కథ చెప్పింది.

స్టాన్స్: ఐదు నెలల హాస్టల్

1798లో ఫ్రెంచి సైన్యాలు స్విట్జర్లాండును ఆక్రమించాయి. కొత్త ప్రభుత్వాన్ని ఒప్పుకోని నిడ్‌వాల్డెన్ ప్రాంతంపై ఆ ఏడాది సెప్టెంబర్ 9న దాడి జరిగింది. స్టాన్స్ పట్టణం, చుట్టుపక్కల ఊళ్లు తగలబడ్డాయి. వందల మంది చనిపోయారు. అనాథలైన పిల్లల కోసం ప్రభుత్వం ఒక వసతిగృహం పెట్టాలని తలచి, 52 ఏళ్ల పెస్టాలజీని పంపింది.

1799 జనవరిలో స్టాన్స్‌లోని ఒక కాన్వెంటు భవనంలో ఆ గృహం తెరిచారు. వంటగది పూర్తికాలేదు, గదులు సరిపోవు. పిల్లలు గజ్జితో, పేలతో, చిరిగిన గుడ్డలతో వచ్చారు. కొద్దికాలంలోనే సుమారు 80 మంది అయ్యారు. ఆయనకు సాయం ఒక్క పనిమనిషి మాత్రమే. ఊరివాళ్లు క్యాథలిక్కులు, ఆయన ప్రొటెస్టెంటు. పైగా తమ ఊరిని తగలబెట్టిన ప్రభుత్వం పంపిన మనిషి. అందుకని ఊరు ఆయనను నమ్మలేదు. ఆయన మాత్రం రాత్రి అందరికంటే ఆఖరున పడుకుని, పొద్దున అందరికంటే ముందు లేచేవారు. పుస్తకాలు లేవు, తోటి ఉపాధ్యాయులు లేరు. తెలిసిన పిల్లవాడిని తెలియని ఇద్దరి మధ్య కూర్చోబెట్టేవారు. ఆ పిల్లవాడు రెండు భుజాల మీద రెండు చేతులు వేసి తనకు వచ్చింది వాళ్లకు చెప్పేవాడు.

ఆ రోజుల్లో ఆల్ట్‌డోర్ఫ్ అనే ఊరు మంటల్లో కాలిపోయింది. అక్కడి అనాథల్లో ఒక ఇరవై మందిని ఇక్కడికి తెచ్చుకుందామా అని పెస్టాలజీ తన పిల్లలను అడిగారు. వాళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు. అప్పుడు ఆయన అసలు లెక్క వాళ్ల ముందు పెట్టారు. ఉన్న తిండే ఇంకా ఎక్కువమంది పంచుకోవాలి, ఉన్న బట్టలే పంచుకోవాలి, పని పెరుగుతుంది, మీ వాటా తగ్గుతుంది అని వివరించారు. అయినా పిల్లలు మాట మార్చలేదు. మొత్తం అంతే ఉండి, పంచుకునేవాళ్లు పెరిగితే ఒక్కొక్కరి భాగం చిన్నదవుతుందన్న భిన్నాల మొదటి సూత్రం ఆ పిల్లలకు కడుపుతో తెలుసు. తెలిసి కూడా సరే అన్నారు.

1799 జూన్ 8న ఫ్రెంచి సైన్యం ఆ భవనాన్ని ఆస్పత్రి కోసం తీసుకుంది. పిల్లల్లో ఎక్కువమందిని పంపించివేయవలసి వచ్చింది. నెత్తురు దగ్గుతూ పెస్టాలజీ కొండప్రాంతానికి విశ్రాంతికి వెళ్లారు. ఐదు నెలల హాస్టల్ అలా ముగిసింది.

చదరాల పట్టిక

కోలుకోగానే ఆయన బుర్గ్‌డోర్ఫ్ అనే ఊళ్లో పేదవాళ్ల బడిలో చేరారు. ఆ బడిని ఒక చెప్పులు కుట్టే ఆయన తన ఇంట్లోనే నడిపేవాడు. కొత్త పంతులు తమ పిల్లల మీద ప్రయోగాలు చేస్తున్నాడని తల్లిదండ్రులు గొడవ చేశారు. పెస్టాలజీ అక్కడినుంచి చిన్నపిల్లల బడికి మారారు. 1800 మార్చిలో పరీక్షాధికారులు వచ్చి, పసిపిల్లలు అంత తక్కువ కాలంలో నేర్చిన చదువు చూసి మెచ్చుకున్నారు. అదే ఏడాది హెర్మన్ క్రూసి అనే యువ ఉపాధ్యాయుడు అనాథ పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి ఆయనతో కలిశాడు. బుర్గ్‌డోర్ఫ్ కోటలో వాళ్ల విద్యాలయం మొదలైంది. గెర్ట్రూడ్ తన పిల్లలకు ఎలా నేర్పుతుందో వివరించే పేరుతో 1801లో పెస్టాలజీ తన పద్ధతిని పుస్తకంగా రాశారు.

ఆ పద్ధతిలో లెక్కలకు పెద్దపీట వేశారు. ఆయన కాలపు బడుల్లో పిల్లలు అంకెలు గీసి, సూత్రం బట్టీ పట్టి, అర్థం తెలియకుండా లెక్క చేసేవారు. పెస్టాలజీ వరుస మార్చారు. ముందు గులకరాళ్లు, బఠాణీలు, పుల్లలు చేత్తో లెక్కించాలి. తర్వాత గీతలు చూసి లెక్కించాలి. ఆ తర్వాతే అంకె రాయాలి. చూసినదీ తాకినదీ మనసులో కుదురుకున్నాకే గుర్తు రావాలన్నది ఆయన నియమం.

ఇందుకోసం ఆయన పట్టికలు తయారుచేశారు. మొదటిది ఒకట్ల పట్టిక. అందులో మొదటి వరుస గడుల్లో ఒక్కొక్క గీత, రెండో వరుసలో రెండేసి గీతలు, ఇలా పది వరకు ఉంటాయి. ఇది పూర్ణాంకాల కోసం.

రెండోది భిన్నాల పట్టిక. పది వరుసలు, వరుసకు పది చదరాలు. మొదటి వరుసలో చదరాలు నిండుగా, గీత లేకుండా ఉంటాయి. రెండో వరుసలో ప్రతి చదరాన్ని నిలువు గీతతో రెండు సమభాగాలు చేశారు. మూడో వరుసలో మూడు సమభాగాలు, నాలుగో వరుసలో నాలుగు, అలా పదో వరుసకు పది సమభాగాలు. అన్ని వరుసల్లోనూ చదరం సైజు మాత్రం ఒక్కటే.

దీనివల్ల ఏమి తెలుస్తుందో కాస్త నిదానంగా చూద్దాం. రెండో వరుసలో ఏడు సగాలు లెక్కపెట్టండి. మూడు చదరాలు నిండి, నాలుగోదానిలో సగం వస్తుంది. అంటే 7/2 అన్నా, మూడున్నర అన్నా ఒకటే. మూడు నిండు చదరాలను రెండో వరుసలో చూస్తే 6 సగాలు, మూడో వరుసలో చూస్తే 9 మూడో వంతులు, నాలుగో వరుసలో చూస్తే 12 పావులు. మూడు మూడుగానే ఉంది, దాన్ని కొలిచే ముక్క మారింది, అందుకే లెక్క మారింది. హారం ముక్క ఏ సైజుదో చెబుతుంది, లవం అలాంటి ముక్కలు ఎన్నో చెబుతుంది. కాబట్టి భిన్నం అనేది పూర్ణాంకాలకు పరాయిది కాదు. ఒకటి, రెండు, మూడు అని మనం చిన్నప్పటినుంచి లెక్కపెట్టిన పద్ధతినే చిన్న ముక్కల మీద కొనసాగించడం.

ఇంకొక సంగతి. 8 పెద్దది, 4 చిన్నది కాబట్టి 1/8 కూడా 1/4 కంటే పెద్దదని చాలామంది పిల్లలు అనుకుంటారు. పట్టికలో నాలుగో వరుస ముక్క పక్కన ఎనిమిదో వరుస ముక్కను చూస్తే ఆ అనుమానం ఉండదు. కోతలు పెరిగినకొద్దీ ముక్క సన్నబడుతుంది.

మూడో పట్టికలో చదరాలకు నిలువు గీతలతోపాటు అడ్డగీతలు కూడా ఉంటాయి. ఒక చదరాన్ని నిలువుగా మూడు, అడ్డంగా రెండు భాగాలు చేశామనుకోండి. మొత్తం ఆరు గడులు. దానిలో సగం అంటే మూడు గడులు, మూడో వంతు అంటే రెండు గడులు. రెండూ కలిపితే ఆరింట ఐదు గడులు. 1/2, 1/3 కలిపితే 5/6 ఎందుకు అవుతుందో, పైన పైనవి కింద కిందవి కూడి 2/5 అని ఎందుకు రాయకూడదో ఇక్కడ కళ్ల ముందే ఉంది. పైగా 2/5 సగం కంటే తక్కువ. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా వస్తుంది? క.సా.గు. అని మనం పలక మీద చేసే పని, రెండు భిన్నాలకూ సరిపోయే ఒకే సైజు గడి వెతకడమే.

బుర్గ్‌డోర్ఫ్‌కు నూరెంబెర్గ్ నుంచి ఒక వర్తకుడు వచ్చాడని చెబుతారు. ఈ కొత్త పద్ధతి మీద అతనికి నమ్మకం లేదు. చిక్కుభిన్నాలతో కూడిన ఒక లెక్క ఇచ్చాడు. నోటితో చేయాలా, రాసి చేయాలా అని పిల్లలు అడిగారు. చేతనైతే నోటితోనే చేయమన్నాడు. తాను కాగితం మీద సగం కూడా పూర్తిచేయకముందే పిల్లల నుంచి జవాబు వచ్చింది. ఆ పిల్లలకు పాఠం చెప్పిన గురువుకు పెద్ద గుణకారాలు, భాగహారాలు అంత బాగా వచ్చేవి కావు. రాతలో అక్షరదోషాలు కూడా ఉండేవి. పిల్లవాడు ఎక్కడ ఆగిపోతాడో ఆ చోటు మాత్రం ఆయనకు బాగా తెలుసు.

పిల్లల దగ్గర నేర్చుకోవడం కూడా ఆయనకు తెలుసు. ఒకసారి తరగతిలో బొమ్మ చూపించి పాఠం చెబుతుంటే, బయట నిజమైన నిచ్చెన ఉండగా బొమ్మ దేనికని ఒక పిల్లవాడు అడిగాడు. మరోసారి కిటికీ బొమ్మ చూపినప్పుడూ అదే మాట. ఆ పిల్లవాడిదే సరైన మాటని ఒప్పుకుని బొమ్మలు పక్కన పెట్టించారు.

ఇవెర్డాన్ వెలుగు

1805లో పెస్టాలజీ విద్యాలయం ఇవెర్డాన్ కోటకు మారింది. అక్కడ 20 ఏళ్లు నడిచింది. 1809 నాటికి 150 మందికి పైగా విద్యార్థులు ఉన్నారు. ప్రష్యా ప్రభుత్వం తన యువ ఉపాధ్యాయులను ఈ పద్ధతి నేర్చుకురమ్మని పంపింది. ఫ్రోబెల్ 1808 నుంచి 1810 వరకు ఇక్కడ ఉన్నారు. తర్వాత కిండర్ గార్టెన్‌ను స్థాపించినది ఈయనే. పసిపిల్లలకు ఫ్రోబెల్ ఇచ్చిన ఆట వస్తువుల్లో ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయి మళ్లీ ఒకటిగా కలిసే చెక్క ఘనం ఒకటి. ముక్కలూ పూర్ణమూ ఒకటేనన్న పాఠం అందులోనూ ఉంది. 1821లో అమెరికాలో వారెన్ కోల్‌బర్న్ పెస్టాలజీ పద్ధతి పేరు చెప్పి లెక్కల పుస్తకం అచ్చువేశారు.

మనకు అన్నిటికంటే ముఖ్యమైన పేరు యాకోబ్ స్టైనర్. 1796లో ఉట్‌జెన్‌స్టోర్ఫ్ అనే పల్లెలో రైతు ఇంట పుట్టాడు. 14 ఏళ్లు వచ్చేదాకా రాయడం రాదు. ఇంటివాళ్లు పొలం పనికి కావాలన్నారు. 1814లో, 18 ఏళ్ల వయసులో, ఇవెర్డాన్ చేరాడు. ఫీజు కట్టే స్తోమత లేదు. పెస్టాలజీ చేర్చుకున్నారు. కొద్దికాలానికే అతను అక్కడే లెక్కలు చెప్పే స్థాయికి వచ్చాడు. 1834లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యాడు. రేఖాగణితంలో ఆయన పేరుతో సిద్ధాంతాలు ఉన్నాయి. ఆలస్యంగా మొదలుపెట్టినవాడు వెనకబడే ఉంటాడని ఎవరైనా అంటే ఈ పేరు గుర్తు చేయండి.

చివరి రోజులు

కీర్తి వచ్చినా పెస్టాలజీకి సుఖం రాలేదు. ఒక్కగానొక్క కొడుకు మూర్ఛవ్యాధితో బాధపడి 1801లో చనిపోయాడు. 1815లో భార్య అన్నా కన్నుమూశారు. ఇవెర్డాన్ ఉపాధ్యాయులు రెండు వర్గాలై తగవులాడుకున్నారు. డబ్బు నిర్వహణ ఆయనకు ఎప్పుడూ చేతకాలేదు. ఆయన పట్టికలకు కూడా విమర్శ తప్పలేదు. చూసి గ్రహించడానికి పెట్టిన చదరాలను కొందరు ఉపాధ్యాయులు గంటలకొద్దీ బృందగానంలా పలికించే బట్టీగా మార్చారు. కళ్లు తెరిపించాల్సిన పట్టిక కూడా పాడుపద్ధతిలో వాడితే ఎక్కం అయిపోతుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

కలిగినవాళ్ల పిల్లలు ఎక్కువగా చేరిన ఇవెర్డాన్‌లో ఉంటూనే ఆయన మనసు పేదపిల్లల మీదే ఉండేది. 1818లో, 72 ఏళ్ల వయసులో, దగ్గరలోని క్లాండీలో పేదల బడి తెరిచారు. అదీ ఎక్కువకాలం విడిగా నిలవలేదు. 1825లో ఇవెర్డాన్ విద్యాలయం మూతపడింది. ఆయన మళ్లీ నాయ్‌హోఫ్‌కు చేరారు. 1827 ఫిబ్రవరి 17న బ్రుగ్ పట్టణంలో తుదిశ్వాస విడిచారు. బిర్ గ్రామంలో బడి పక్కనే ఆయనను పాతిపెట్టారు. 1846లో, ఆయన పుట్టిన నూరేళ్లకు, అక్కడ స్మారకం కట్టారు.

నడిపిన బడులన్నీ మూతపడిన మనిషిని ప్రపంచమంతా గురువుగా ఎందుకు తలుచుకుంటుంది? పేదపిల్లలకు తిండిపెడితే చాలు, బుద్ధికి పదును అక్కరలేదన్న కాలంలో, వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం తన బాధ్యత అని ఆయన పట్టుబట్టారు కాబట్టి.

మన వంతు

భిన్నాలు మనకు కొత్తవి కావు. పావు, అర, ముప్పావు, వీసం అనే మాటలు మన ఇళ్లలో పుట్టినవే. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని మన అమ్మమ్మలు బియ్యం కొలిచారు. గిద్ద తనకు తాను నిండు కొలతే. సోల పక్కన పెడితే పావు అవుతుంది. ఏది పూర్ణం, ఏది భాగం అన్నది మనం దేన్ని ఒకటిగా తీసుకున్నామో దాన్నిబట్టి ఉంటుందని ఈ కొలతలు చెబుతున్నాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ ఆదివారం ఒక పాత నోటుపుస్తకం కాగితం తీసుకోండి. స్కేలుతో పది వరుసలు, వరుసకు పది చదరాలు గీయండి. పైన చెప్పినట్టు ఒక్కొక్క వరుసను భాగాలు చేయండి. గోడకు అంటించండి. ఖర్చు ఏమీ లేదు. పదో తరగతి చదివే అన్నలు, అక్కలు స్టడీ అవర్లో ఐదు, ఆరు తరగతుల పిల్లలను దాని ముందు కూర్చోబెట్టుకుని అరగంట చూపించండి. సూత్రం చెప్పకండి, లెక్కపెట్టించండి. స్టాన్స్‌లో పిల్లలు పిల్లలకు చెప్పుకున్నట్టే, మీకు వచ్చింది అటు ఒకరికి, ఇటు ఒకరికి చెప్పండి. అన్నం పంచితే వాటా తగ్గుతుంది. చదువు పంచితే ఎవరి వాటా తగ్గదు.